నంబరు లేని సీసా

పెళ్లి భోజనాల్లో కూర్చుంటే చాలు, పక్క విస్తరి ముందున్నవాళ్లు నన్ను పట్టుకుంటారు. "సార్, ఇంటికి నీళ్ల ఫిల్టర్ కొందామనుకుంటున్నం. ఏది మంచిగుంటది?" అని. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేశానన్న సంగతి నారాయణఖేడ్‌లో చాలామందికి తెలుసు. ఆ ముప్పై ఏళ్లలో ఫిల్టర్ విషయంలో నేను వెలగబెట్టిన ఘనకార్యం మాత్రం ఐదారుగురికే తెలుసు. అందులో ఒకరు నా భార్య. కాబట్టి అది ఎన్నాళ్లు దాగి ఉంటుందో మీరే ఆలోచించండి. ఆమె చెప్పేలోగా నేనే రాయడం మంచిదనిపించింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదివితే సంతోషిస్తాను. మార్చి నెల వస్తే మీ ఫోన్లకూ సందేశాలు వస్తుంటాయి కదా, మీ ఆరోగ్య ఖాతాలో డబ్బుంది, పన్ను పడదు, జల్దీ వాడుకోండి అని. మాకూ అలాంటిదే వచ్చింది. మేమూ వాడుకున్నాం.

మా ల్యాబు బస్టాండుకు అవతల, ఎరువుల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది. ప్రైవేటు సంస్థ, హెడ్డాఫీసు హైదరాబాద్‌లో. పేరు చెప్పను. ఇన్నేళ్లు ఉప్పు తిన్నాక పేరు పెట్టి తిట్టడం బాగుండదు. హోటళ్లవాళ్లు, బడులవాళ్లు, క్యాన్లు నింపే ప్లాంట్లవాళ్లు, కొత్తగా బోరు వేయించిన రైతులు సీసాల్లో నీళ్లు తెచ్చేవారు. మేం పరీక్షించి, తాగడానికి పనికొస్తాయనో పనికిరావనో కాగితం ఇచ్చేవాళ్లం. కాగితం కింద సంతకం నాది. మేనేజర్ ఒకాయన, రిపోర్టులు టైపు చేసే మేడమ్ ఒకామె, మోటార్ సైకిల్ మీద కల్హేర్, సిర్గాపూర్ తిరిగి నీళ్లు పట్టుకొచ్చే కుర్రాడు ఒకడు, నేను. ఈ నలుగురం నెల జీతగాళ్లం. ఐదో మనిషి సీసాలు కడిగే ఆమె. ఆమెది రోజుకూలీ.

మా దగ్గర ఒక రూలుండేది. సీసా రాగానే ఫీజు కట్టించుకొని, రిజిస్టర్‌లో ఎక్కించి, దాని మీద నంబరు అతికించాలి. నంబరు లేని సీసాను ముట్టకూడదు. ఒకప్పుడు రెండు హోటళ్ల సీసాలు తారుమారై పెద్ద గొడవైందట, అందుకని పెట్టారు. మంచి రూలే. మంచి రూలు చేతిలో ఉంటే ఎంత చెడ్డపనైనా కడుపులో చల్ల కదలకుండా చేయవచ్చు.

సీసాలు కడిగే ఆమె కల్హేర్ దారిలో ఉన్న ఒక పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. కొడుకు హైదరాబాద్‌లో మేస్త్రీల కింద పని, కోడలూ మనవరాలూ ఆమె దగ్గరే. పనిలో చేరిన కొద్ది రోజులకే ఒక పొద్దున పచ్చ మూత ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సారూ, మా వాడకట్టు బోరు నీళ్లు. జర సూడుండ్రి."

"ఏమైంది?"

"మా దిక్కు పోరగాండ్లకు పండ్ల మీద ఎర్రమట్టి అసొంటి గీతలు పడుతున్నయి. ముసలోళ్లకు మోకాళ్లు వంగుతలేవు. నా మన్మరాలుకు ఇంక పాలపండ్లే ఉన్నయి. గవి ఊడి కొత్తయి వచ్చేలోపట తెలిస్తే ఏదన్న చేసుకుంటం."

ఆమె చెప్పిన లక్షణాలు విని నాకు అప్పుడే అర్థమైంది. ఫ్లోరైడ్. చదువు లేని మనిషి రోగమేమిటో, గడువెంతో రెండు మాటల్లో చెప్పింది. చదువుకున్న నేను రూలు చెప్పాను.

"ఫీజు కట్టాలె. నంబరు పడాలె. నంబరు లేని సీస ముట్టద్దు అమ్మా."

ఫీజు ఎంతో చెప్పాను. అది ఆమెకు వారం కూలీ కన్నా ఎక్కువ. నేను పెద్దమనసు చేసుకొని, "మేనేజర్‌ను అడుగుత, చూద్దాం తియ్యి" అన్నాను. మన ఆఫీసుల్లో 'చూద్దాం తియ్యి' అంటే చూడమని అర్థం. ఆమె మాత్రం చూస్తామనే అనుకొని సీసా అక్కడే వదిలి వెళ్లింది. సాయంత్రం నంబరు లేని సీసాలన్నిటితో పాటు దాన్నీ సింకులో పారబోశాను. మరుసటి రోజు ఆ ఖాళీ సీసాను ఆమే కడిగి, ఇంటికి తీసుకుపోయింది.

కొన్ని నెలల తర్వాత మళ్లీ తెచ్చింది. మళ్లీ పారబోశాను. అలా ఆరేళ్లు. ఎన్నిసార్లు తెచ్చిందో లెక్క పెట్టలేదు. ఆమె తిట్టలేదు, అలగలేదు. పచ్చ మూత సీసా నా బల్ల మీద ఓ పక్కన పెట్టి, "ఈసారన్న జర సూడుండ్రి సారూ" అనేది. నేను చూద్దాం తియ్యి అనేవాణ్ని.

ఇక ఆరోగ్య నిధి సంగతి. నెలనెలా మా నలుగురి జీతంలో కొంత కోసి అందులో వేసేవారు, సంస్థ ఇంకొంత కలిపేది. వైద్యానికి ఖర్చు పెడితే ఆ డబ్బు మీద ఆదాయపు పన్ను ఉండదు. మార్చి ఆఖరులోగా వాడుకోకపోతే మురిగిపోతుంది. అంటే మన డబ్బు మన చేతికి రావాలంటే మనం జబ్బు పడాలి, అదీ సకాలంలో పడాలి. ఆ ఏడాది మా నలుగురి ఆరోగ్యం దరిద్రంగా బాగుంది. మేనేజర్‌కు దగ్గు కూడా రాలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి ఆయన ముఖం చూస్తే, ఇంట్లో ఎవరైనా మంచాన పడితే బాగుండునని కోరుకుంటున్నట్లు ఉండేది.

సీసాలు కడిగే ఆమెకు ఈ నిధిలో వాటా లేదు. రోజుకూలీలకు ఆరోగ్యంతో పనేముంది?

ఒక రోజు మేనేజర్ హెడ్డాఫీసు నుంచి వచ్చిన కాగితం చదువుతూ ఆగిపోయి, మమ్మల్నందరినీ పిలిచాడు. ఇంటికి నీళ్ల ఫిల్టర్ కొన్నా వైద్య ఖర్చు కిందే లెక్కట. రెండు కాగితాలు జత చేయాలి. నీళ్ల వల్ల కడుపు చెడిందని డాక్టర్ చీటీ ఒకటి, ఆ ఇంటి నీళ్లు బాగాలేవని ల్యాబు రిపోర్టు ఒకటి.

"ల్యాబు రిపోర్టట" అని మేనేజర్ నవ్వాడు. "యాడికెళ్లి తేవాలె మరి?"

అందరం నవ్వాం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా లోటుండదంటారు. ఇక్కడ మేం వంటవాళ్లమే.

మూడో రోజుకల్లా బజారులోని ఫిల్టర్ల దుకాణం ఆయన డబ్బా మోసుకొని మా ల్యాబుకు వచ్చాడు. ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబం, తాతల నాటి నుంచి వ్యాపారం. మాతో తెలుగు, ఫోన్లో అన్నతో కన్నడం. మా కుళాయి నీళ్లు ఒక గ్లాసులో, తన ఫిల్టర్ నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండిట్లోనూ ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. కాసేపటికి మా గ్లాసులో నీళ్లు బురద రంగుకు తిరిగాయి. ఆయన గ్లాసులోవి అలాగే ఉన్నాయి.

"ఇల్లి నోడి సార్, ఇటు చూడుండ్రి. మీరు దినాం తాగేది గిదే" అన్నాడు, చావు కబురు చెప్పినంత నెమ్మదిగా.

టైపు మేడమ్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పరీక్ష సంగతేమిటో నాకు తెలుసు. మామూలు నీళ్లలో లవణాలుంటాయి, వాటి గుండా కరెంటు పారితే కడ్డీ ఇనుము కరిగి తుప్పు తేలుతుంది. ఆ బురద నీళ్లది కాదు, కడ్డీది. ఫిల్టర్ లవణాలన్నీ తీసేస్తుంది కాబట్టి ఆయన గ్లాసులో కరెంటే పారలేదు. నీళ్లు పరీక్ష చేయడమే బతుకుదెరువైన నలుగురి ముందు ఆ గారడీ చేయాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి. నేను మేనేజర్ చెవిలో అసలు సంగతి చెప్పాను.

"నాకు తెల్వదా?" అన్నాడాయన. "నీకు తెలుసు, నాకు తెలుసు. నిధికి తెల్వదు గద."

తర్వాత ఫిల్టర్ ఎంచుకునే ఘట్టం. ఏ నీళ్లకు ఏ ఫిల్టర్ సరిపోతుందో మా గోడ మీదే చార్టు వేలాడుతోంది. దానివైపు ఎవరూ తలెత్తి చూడలేదు. టైపు మేడమ్ నీలం దీపం వెలిగేది కావాలంది. మోటార్ సైకిల్ కుర్రాడు ట్యాంకు పెద్దగా ఉన్నది చూపించాడు. మేనేజర్ ఏడు దశల్లో వడగట్టేది కన్నా తొమ్మిది దశల్లో వడగట్టేది మేలన్నాడు, ఆ మిగిలిన రెండు దశల్లో ఏం జరుగుతుందని మాత్రం అడగలేదు. నేను రాగి బిళ్ల ఉన్నది తీసుకున్నాను. ఆ బిళ్ల ఎందుకో నాకిప్పటికీ తెలియదు. ధర అడిగితే దుకాణం ఆయన, "మీ నిధిల ఎంతున్నది సార్?" అని తిరిగి అడిగాడు. మేం చెప్పాం. సరిగ్గా అంతే ధర అని తేలింది.

డాక్టర్ చీటీలు పక్క ఊళ్లో దొరికాయి. నలుగురం ఒకరి వెనక ఒకరు వెళ్తే ఆ డాక్టర్ మూడో మనిషినైన నా దగ్గర తలెత్తి, "మీకు కూడ కడుపేనా?" అని అడిగాడు. అవునన్నాను. నాలుగో చీటీ అడగకుండానే రాసి పెట్టాడు.

చిక్కంతా నీళ్ల రిపోర్టు దగ్గర వచ్చింది. మా నలుగురి ఇళ్లకూ నల్లాలో వచ్చేది శుద్ధి చేసిన నది నీళ్లే. అవి బాగున్నాయని నెలనెలా సంతకం పెట్టేది నేనే.

"ఏందయ్యా ఆలోచన? రాసెయ్" అన్నాడు మేనేజర్. "కలం నీ చేతిలనే ఉన్నది."

ఇక్కడ నా గొప్పతనం గురించి కొంచెం చెప్పుకోవాలి. నా సర్వీసులో మిషన్ చూపని అంకె ఒక్కటి కూడా రాయలేదు. హోటళ్లవాళ్లు బిర్యానీ పొట్లాలు పంపినా రాయలేదు. పొట్లాలు తిన్నాను, అంకె మార్చలేదు. అది నా నియమం. ఆ మాటే మేనేజర్‌తో అన్నాను. ఆయన విసుక్కుంటూ అటూ ఇటూ చూసి, సింకు పక్కకు చెయ్యి చూపించాడు. అక్కడ పచ్చ మూత సీసా ఉంది. ఆమె ఆ పొద్దునే తెచ్చి పెట్టింది.

"గా నీళ్లు ఖరాబువే కద? అవే చెయ్యి. ఉన్నది ఉన్నట్టే రాయి. నీ నియమం పోదు, మా పైసలు పోవు."

నా నియమం చెక్కుచెదరలేదు. నేను అబద్ధపు అంకె రాయలేదు. నిజమైన నీళ్లకు అబద్ధపు నంబర్లు అతికించాను. ఆ ఒక్క సీసాలోని నీళ్లను నాలుగు సీసాల్లోకి వంచి, నాలుగిళ్ల పేర్లు రాశాను. ఆరేళ్లుగా ఒక్క నంబరుకు నోచుకోని నీళ్లకు ఆ పూట నాలుగు నంబర్లు పడ్డాయి.

ఫ్లోరైడ్ పరీక్షలో నీళ్లకు ఎర్ర మందు కలుపుతాం. నీళ్లు మంచివైతే ఎరుపు నిలుస్తుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత వెలిసిపోతుంది. ఆ రోజు నాలుగు గొట్టాల్లోనూ నా కళ్ల ముందే రంగు వెలిసిపోయింది. మిషన్ చూపిన అంకె, ఉండాల్సిన హద్దుకు రెండింతలు దాటింది. కుర్రాడు తొంగి చూసి, "సార్, మంచిగ ఖరాబొచ్చింది" అని సంబరపడ్డాడు. నేను కూడా ఒక్క క్షణం సంబరపడ్డానని ఒప్పుకోవాలి. తర్వాత పక్క గదిలో సీసాలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆమె మనవరాలికి అప్పటికి ఏడేళ్లు దాటాయి. ముందు పళ్లు కొత్తవి వచ్చేశాయి.

ఆ సాయంత్రం ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగింది. "సారూ, నా సీస పారబోసిండ్రా?"

"ఆఁ, పారబోసిన."

"మంచిది, మల్ల తెస్త తియ్యుండ్రి" అని ఆటో దొరకదంటూ వెళ్లిపోయింది.

నిజం చెబితే నాలుగు రిపోర్టుల సంగతి బయటపడుతుంది. అందుకని దొంగకు తేలు కుట్టినట్లు ఊరుకున్నాను. నెల రోజులు ఊరుకున్నాను. ఆ నెల రోజులూ ఆ ఇంట్లో అవే నీళ్లు తాగారు. కోడలికి అప్పటికి ఇంకో పిల్లాడు పుట్టి ఏడాదైంది, వాడికీ అవే పట్టారు. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం సిగ్గు కన్నా భయమే ఎక్కువ ఉండింది.

మా ఇళ్లలో ఫిల్టర్లు బిగించారు. మా ఇంట్లో అది మొదటి రోజు నుంచే ఒక గ్లాసు నీళ్లిచ్చి మూడు గ్లాసులు బయటికి వదిలేది. మా ఆవిడ కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లతో గిన్నెలు తోముకుంటూ నన్ను తోమేది.

"మంచి నీళ్లు మోరీల పోసుడుకు మిషిన్ కొన్నరా?" అంది. "నీళ్లు తాగుతే నీళ్లు తాగినట్టే లేదు. చాయ్ పెడితే చాయ్ రుచే పోయింది."

"ఆరోగ్యం" అన్నాను.

"ఎవరికి?" అంది.

ఏప్రిల్ నెలలో ఒక పొద్దున, చెప్పా పెట్టకుండా, హెడ్డాఫీసులో నిధి చూసే మేడమ్ బస్సు దిగి మా మెట్లెక్కింది. చిన్నమనిషి. గొంతు పెంచి మాట్లాడదు. అలాంటివాళ్లంటే నాకు భయం, అరిచేవాళ్లు అరిచాక చల్లబడతారు, వీళ్లు మొదటి నుంచీ చల్లగానే ఉంటారు. సంచిలోంచి మా నాలుగు దరఖాస్తులు తీసి బల్ల మీద వరసగా పెట్టింది.

"నాలుగు వేరువేరు గల్లీలు" అంది. "అంకెలన్నీ పాయింట్ తర్వాత రెండు స్థానాల దాకా ఒకటే. నాలుగు కడుపులూ ఒకే రోజు చెడ్డాయి. ఇంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదు."

గుమ్మడికాయల దొంగ అనకముందే మేం నలుగురం భుజాలు తడుముకున్నాం. ఇంతటి దొంగతనం చేసిన మాకు, ఒక అంకె అటూ ఇటూ ఉండాలన్న ఆలోచనే రాలేదు. దానికి కారణం నా నియమమే. మిషన్ చూపని అంకె నేను రాయను కదా.

ఆమె కొత్త సీసాలు తెప్పించుకొని, మా నలుగురి ఇళ్లకూ తానే వెళ్లి, ఫిల్టర్ గుండా కాకుండా నేరుగా నల్లాల దగ్గర నీళ్లు పట్టింది. దారి చూపడానికి నేను వెంట ఉన్నాను. మా ఇంట్లో మా ఆవిడ ఆమెకు చాయ్ ఇచ్చి, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"మా నల్లా నీళ్లు మంచిగనే ఉండె మేడమ్. గీ డబ్బ వచ్చినంకనే పరేషాన్. మా ఆయన దినాం నీళ్లు చూసుడే పని, మరి గిదెందుకు కొన్నడో ఏమో."

"మీకు కడుపులో ఏమైనా ఇబ్బంది ఉండేదా?"

"నాకా? రాయి తిన్నా అరుగుతది."

ల్యాబుకు తిరిగొచ్చాక ఆమె నా పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. పరీక్ష నా చేతనే చేయించింది. ఎర్ర మందు కలిపాను. నాలుగు గొట్టాల్లోనూ ఎరుపు ఎర్రగానే నిలిచింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో మంచి నీళ్లను చూసి అంత బాధపడింది ఆ ఒక్కసారే.

"అయితే మార్చిలో మీరు పరీక్ష చేసిన నీళ్లు ఎవరివి?" అని అడిగింది.

టైపు మేడమ్ కిటికీలోంచి బస్టాండు చూస్తోంది. కుర్రాడు నేల చూస్తున్నాడు. మేనేజర్ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, గిదంత సీసలు కడిగే మనిషి గలత్. చదువు లేదు. ఖాళీ సీసలల్ల పాత నీళ్లు ఉంచింది, అవే మా నీళ్లల్ల కలిసినయి. రేపటికెళ్లి ఆమెను బంద్ చేస్త."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేం నలుగురం మా పిడికెళ్లు కూడా ఆమె కొంగులో పోద్దామనుకున్నాం. ఆ మాట అన్నది మేనేజరే కావచ్చు. కాదని అనవలసింది నేను. అనలేదు. నాకింకా ఎన్నేళ్ల సర్వీసు ఉందో మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

నిధి మేడమ్ ఆమెను పిలవమంది. ఆమె బ్రష్ చేతిలో పట్టుకొనే వచ్చింది. మోచేతుల దాకా సబ్బు నురగ.

"మార్చిలో ఈ సీసాల్లో పాత నీళ్లు మిగిలాయంటున్నారు. నిజమేనా?"

"సీసలు నేను మంచిగనే కడుగుత అమ్మా. ఏ నీళ్లు?"

"ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు. ఈ ఊళ్లో ఎవరి నల్లాలోనూ లేవు."

ఆమె నా వైపు చూసింది. తర్వాత నేను ఏమాత్రం అనుకోని పని జరిగింది. ఆమె ముఖం వెలిగింది.

"గా పచ్చ మూత సీసనా సారూ? గవి నా నీళ్లే. మా బోరు నీళ్లు. నంబరు ఏసిండ్రా?"

తనను పనిలోంచి తీసేస్తారన్న మాట ఆమె విననే లేదో, విన్నా పట్టించుకోలేదో నాకు తెలియదు.

"ఆరేండ్ల సంది తెస్తున్న అమ్మా" అని నిధి మేడమ్‌తో చెప్పింది. "పారబోసినమన్నడు సారు. చూసిండా అయితే. ఏమున్నది సారూ అందుల? జర చెప్పుండ్రి."

అప్పుడు నోరు తెరిచాను. దాన్ని ధైర్యం అనుకోకండి. ఆమె కూడా మేనేజర్‌లా ఏదో అబద్ధమాడి నన్ను కాపాడి ఉంటే నేను ఇంకా ముడుచుకుపోయి ఉండేవాణ్నేమో. ఆమె నన్ను అంకె అడిగింది. అంకె అడిగితే చెప్పడం నాకు అలవాటు. ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పాను, హద్దు ఎంతో చెప్పాను, ఆ నీళ్లు తాగకూడదని చెప్పాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగింది నిధి మేడమ్. నెల నుంచి అన్నాను. మళ్లీ ఆగి, ఆరేళ్ల కిందే అనుమానముందని కూడా చెప్పాను. మిగిలిన కథంతా ఆ వెనకే వచ్చింది.

సీసాలు కడిగే ఆమె అంతా విని ఒక్కటే అంది. "నెల కింద చెప్తే ఇంకో బోరుకు పోతుంటిమి గద సారూ."

నిధి మేడమ్ ఆ రోజే కుర్రాడిని పంపి ఆ పల్లె బోరు నుంచి కొత్త సీసాలో నీళ్లు తెప్పించింది. ఫీజు గడిలో తానే 'మినహాయింపు' అని రాసి సంతకం పెట్టింది. రాయడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. ఆ గడి ఆరేళ్లుగా నా ముందే ఉంది. మేనేజర్‌ను అడుగుతానని ఆరేళ్లు చెప్పాను, ఒక్కసారి కూడా అడగలేదు.

మా నలుగురి డబ్బు జీతాల్లోంచి వెనక్కి లాక్కున్నారు, దాని మీద పన్ను కూడా పడింది. మేనేజర్‌ను దూరపు ఊరికి బదిలీ చేశారు. నాకు సంతకం పెట్టే అధికారం తీసేశారు. రిటైరయ్యేదాకా నా పని వచ్చిన సీసాలకు నంబర్లు అతికించడం. ఆ శిక్ష ఆలోచించిన మనిషికి నామీద కోపం ఉందో, జాలి ఉందో నాకర్థం కాలేదు. ఆ ఏళ్లలో నా బల్ల దాకా వచ్చిన ఏ సీసా అయినా నంబరు లేకుండా పోలేదు. ఫీజు లేనివాళ్లకు మినహాయింపు కోసం అర్జీ నేనే రాసి హెడ్డాఫీసుకు పంపేవాణ్ని. వాళ్లు విసుక్కుంటూ ఒప్పుకునేవారు.

రిపోర్టు పంచాయతీకి చేరాక తాగకూడదన్న గుర్తుగా ఆ బోరుకు ఎర్ర రంగు పూశారు. రెండు నెలలు ఆ వాడకట్టువాళ్లు దూరం నుంచి నీళ్లు మోశారు. ఆ రోజుల్లోనే నాకు పశ్చాత్తాపం పుట్టింది. నా రాగి బిళ్ల ఫిల్టర్‌ను ఊడదీయించి, ఆటోలో పెట్టుకొని ఆమె ఇంటికి వెళ్లాను. దారంతా నా మనసు నాకే హారతి పడుతోంది. ఆమె మంచం వాల్చి కూర్చోబెట్టి, డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"గిది ఎట్ల నడుస్తది సారూ?"

"నల్లాకు కలపాలె. నీళ్లు జోరుగ రావాలె. కరెంటు ఉండాలె."

"నల్లా ఉంటే గిదెందుకు?" అంది.

అన్నేళ్లు నీళ్లు పరీక్షించిన మనిషికి ఆ ప్రశ్న తట్టలేదు. డబ్బాను మళ్లీ ఆటోలో పెట్టుకొని వచ్చాను. ఆ తర్వాత ఆ వాడకట్టుకు నది నీళ్ల గొట్టం వేశారు. ఫిల్టర్ ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది, దాని ట్యాంకులో మా ఆవిడ కందిపప్పు పోసుకుంటుంది. పురుగు పట్టదట. చుట్టాలొస్తే మూత తీసి చూపిస్తుంది.

కాబట్టి ఏ ఫిల్టర్ మంచిదని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ముందు నీళ్లు పరీక్ష చేయించండి. సీసా మీద మీ పేరే ఉందో లేదో కళ్లతో చూసుకోండి. బాగున్న నీళ్లకు డబ్బా పెట్టకండి. ఈ సలహా ఎవరికీ నచ్చదు, దుకాణంలో నీలం దీపం చూసి వచ్చినవాళ్లకు అసలే నచ్చదు.

మొన్న బోరంచలో నల్లపోచమ్మ గుడికి వెళ్తే ఆమె కనిపించింది. ఇప్పుడు పని మానేసింది, మోకాలి మీద చెయ్యి వేసుకొని నడుస్తోంది. మనవరాలు కాలేజీలో చేరిందట. ఆనాటి చంటివాడికి తొమ్మిదేళ్లు. వాడు కొబ్బరి ముక్క కొరుకుతూ నన్ను చూసి నవ్వాడు. కొత్తగా వచ్చిన ముందు పళ్లు, మచ్చ లేకుండా తెల్లగా ఉన్నాయి.

"పిల్లగానివి మంచిగొచ్చినయి సారూ" అంది ఆమె. "మీ దయ."

వెక్కిరింపుగా అందేమోనని ఆమె ముఖం వెతికాను. వెక్కిరింపు లేదు, మనసారా అంది. పక్కనున్న మనవరాలిని బాగా చదువుకుంటున్నావా అని అడిగాను. ఆ పిల్ల తలూపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది.